గోడ బాబాయ్ దిగిన డివిజన్లు

"పెనాల్టీ ఆపడం పెద్ద గొప్పేం కాదు. నేను గొప్ప అని ఎప్పుడైనా చెప్పుకున్నానా? చిటికెన వేలితో ఆపాను, అంతే," అన్నాడు గోడ బాబాయ్, టీ గ్లాసు పక్కన పెట్టి, ఆ వేలు అందరికీ కనబడేలా పైకెత్తి.

"పోయినేడు బొటనవేలన్నావు," అంది టీకొట్టు పిన్ని, పాలు పొంగకుండా గరిటె తిప్పుతూ.

"అది వేరే పెనాల్టీ."

"ఎన్ని ఆపావేంటి? వేళ్ళు చాలుతాయా?"

చిన్నకోడలు పకపకా నవ్వింది. పెద్దకోడలికి నవ్వు రాలేదు. ఆమె గేటు వైపు చూస్తోంది.

స్టేడియం వెనక గేటుకి ఎదురుగా ఉంది ఆ కొట్టు. రేకుల కప్పు, రెండు బల్లలు, ఒక స్టవ్వు. బయట సన్నగా వాన. లీగులో ఆఖరి ఆట జరుగుతోంది గాని ఇక్కడ కాదు, పూట ప్రయాణమంత దూరంలో వేరే ఊళ్ళో. పై డివిజన్‌లో అడుగున మిగిలిన మూడు జట్లు ఏటా కింది డివిజన్‌కి పడిపోతాయి, కింద నుంచి మూడు పైకొస్తాయి. వీళ్ళ జట్టు అడుగు నుంచి నాలుగోది. ఓడకుండా ఉంటే నిలబడుతుంది. ఓడితే మాత్రం, వెనకాలే ఉన్న జట్టు ఇవాళ తేలిగ్గా గెలిచేదే కాబట్టి, పడినట్టే.

ఆఖరి ఆట రోజు ఈ కొట్టులో టీవీ పెట్టరు, ఫోన్లు బయటికి తీయరు. గేటు దగ్గర కాపలా ఉండే ఆయన ఒక్కడే ఆఫీసు గదిలో కూర్చుని చూస్తాడు. అయిపోయాక వచ్చి చెబుతాడు. అతనంతట అతను చెప్పేదాకా ఎవరూ అడగకూడదు. వెనకోసారి ఎవరో ఆత్రం పట్టలేక అడిగారట, ఆ క్షణంలోనే గోల్ పడిందట. నిజమో కాదో ఎవరికీ తెలియదు. నియమం మాత్రం మిగిలింది.

గోడ బాబాయ్ ఒకప్పుడు ఈ జట్టు గోల్‌కీపర్లలో ఒకడు. ఇప్పుడు బంతులకి గాలి కొడతాడు, గోల్‌పోస్టులకి వలలు కడతాడు. గోడలా అడ్డం నిలబడేవాణ్ణి కాబట్టి ఆ పేరొచ్చిందని ఆయనంటాడు. మైదానంలో నిలబడ్డ రోజులకన్నా బెంచీ వెనక గోడకి జారగిలబడ్డ రోజులే ఎక్కువని పిన్ని అంటుంది. ఏదైనా, కోతలు కోయడంలో ఆయనది ఎప్పుడూ పై డివిజనే. ఆఖరి ఆట రోజున ఆయన చేత మాట్లాడించడం అందరికీ అవసరం. ఆయన నోరు ఆడుతున్నంతసేపూ ఎవరి గుండె చప్పుడు వాళ్ళకి వినబడదు.

ఈసారి పెద్దకోడలికి మాత్రం వినబడుతూనే ఉంది.

ఆమె, ఆమె తోడికోడలు స్టేడియంలో బట్టల గది మనుషులు. ఆటగాళ్ళ జెర్సీలు, మేజోళ్ళు, తువ్వాళ్ళు ఉతికి, ఆరేసి, మడతపెట్టేది వాళ్ళే. అసలు పేర్లు ఎవరూ వాడరు, ఇద్దరూ ఒకే ఇంటి కోడళ్ళు కాబట్టి పెద్దకోడలు, చిన్నకోడలు. ఇల్లొకటే గాని పొయ్యిలు రెండు. అన్నదమ్ములు పనిచేసే నూలుమిల్లు మూతపడ్డాక ఆ రెండు పొయ్యిలూ వెలుగుతున్నది ఈ ఇద్దరి జీతాల మీదే. మొన్న ఆఫీసు మేనేజరు పెద్దకోడల్ని ఒక్కదాన్నే పిలిచి, తలుపు దగ్గరే నిలబెట్టి మాట్లాడాడు. "జట్టు కిందికి పోతే బట్టల గదిలో ఒకళ్ళే. మీరెటూ ఒక ఇంటి మనుషులు. ఎవరన్నది మీలో మీరే తేల్చుకుని చెప్పండి."

ఆ మాట ఆమె ఇంకా ఎవరికీ చెప్పలేదు. మొగుడికి చెప్పలేదు. పక్కనే కూర్చుని బన్ను టీలో ముంచుకుంటున్న చిన్నకోడలికీ చెప్పలేదు. నిలబడితే చెప్పాల్సిన పనే ఉండదు కదా అనుకుంది. అలా అనుకుంటూనే ఇవాళ్టిదాకా నెట్టుకొచ్చింది.

"చిటికెన వేలితో ఆపాను సరే," అంటున్నాడు బాబాయ్. "అయినా ఆ ఏడు పడిపోయాం. ఎందుకు పడ్డామో తెలుసా?"

"ఎందుకు?" అంది చిన్నకోడలు.

"నేను ఆపిన బంతి ఊరికే ఆగుతుందా అమ్మా? నా వేలి దెబ్బకి వెనక్కి తిరిగి, మైదానం దాటి, గోడ దాటి, ఊరు దాటి, అలా వెళ్ళి వెళ్ళి ఇంకో ఊళ్ళో ఆడుతున్న ఆటలో గోల్‌లో పడింది. ఆ గోల్‌తో అక్కడి జట్టు గెలిచి నిలబడింది. మనం పడ్డాం. అంటే నా బలమే నా కొంప ముంచిందన్నమాట."

"కొంప మాదిలే," అంది పిన్ని.

ఆమె ఆ మాట నవ్వుతూనే అంది. పెద్దకోడలు మటుకు తల వంచుకుంది. పిన్ని కూడా ఒకప్పుడు బట్టల గది మనిషే. జట్టు ఆ ఏడు పడ్డప్పుడు ఆమెని తీసేశారు. మోకాళ్ళ నొప్పులతో తనే మానేశానని పిన్ని అందరికీ చెప్పుకుంటుంది. జట్టు మళ్ళీ పైకొచ్చాక ఆ ఖాళీలోకి వచ్చిన చిన్నకోడలు కూడా అదే నమ్మింది. అసలు సంగతి తెలిసినది అప్పట్లో ఆమెతో కలిసి ఉతికిన పెద్దకోడలు ఒక్కతే.

"కిందికి పడటమంటే మీరు మెట్టు దిగడం అనుకుంటారు," అని బాబాయ్ గొంతు తగ్గించాడు. "కాదు. అది నుయ్యి. రెండో డివిజన్‌లో కాలు పెట్టామో లేదో, కాలు ఆగలేదు. చేంతాడు తెగిన బొక్కెనలా జర్రున మూడో దాంట్లోకి జారాం. అక్కడ గడ్డి నడుం దాకా ఉంటుంది. కొయ్యరు. కోసేవాణ్ణి ఎప్పుడో తీసేశారు. మన వాడొకడు బంతి కోసం కార్నరు జెండా దాకా వెళ్ళాడు. మళ్ళీ కనబడితే ఒట్టు. పిలిచాం, కేకలేశాం. మరుసటేడు వచ్చాడు, ఛాతీ దాకా గడ్డం. బంతి ఇంకా చంకలోనే ఉంది. 'ఆట అయిపోయిందా?' అన్నాడు."

"నీకు పెనాల్టీలే కాదు, నిజాలు ఆపడం కూడా వచ్చన్నమాట," అంది పిన్ని.

"నవ్వుకో. నాలుగో డివిజన్ చూసుంటే నవ్వవు. అక్కడ గోల్‌పోస్టుకి వల లేదు. వెనకాల లోయ. గోల్ పడితే బంతి లోయలోకే. కీపరే దిగి తెచ్చుకోవాలి. నేను దిగి, వెతికి, పైకి ఎక్కొచ్చేసరికి ఇంకో ఆరు పడి ఉండేవి."

"బంతి నీ దగ్గరుంటే ఆరెలా పడ్డాయి బాబాయ్?" అంది చిన్నకోడలు.

"అదేనమ్మా ఆ డివిజన్‌లో భయం! బంతి లేకుండానే పడేవి. రిఫరీ నీ మొహం చూసి గోల్ ఇచ్చేసేవాడు. 'ఎటూ పడేదే కదా' అనేవాడు."

ఈసారి ఎవరూ నవ్వలేదు. వాన కొంచెం పెద్దదైంది. ఈపాటికి అక్కడ ఆట సగం దాటి ఉంటుందని పెద్దకోడలు లెక్కేసుకుంది. లెక్కేసుకోకూడదనీ అనుకుంది. నిన్న తను మడతపెట్టి పంపిన తెల్ల జెర్సీలు కళ్ళ ముందు కదిలాయి. మోచేతుల దగ్గర బురద, భుజాల మీద గీరుకున్న మరకలు. అవెంత మురికైతే అంత గట్టిగా ఆడినట్టు.

"ఐదో డివిజన్‌లో ఏముందో తెలుసా? రెండు జట్లకీ కలిపి ఒకటే జత చొక్కాలు. ముందు సగం వాళ్ళు వేసుకుని ఆడతారు, మనం ఉత్త ఒంటితో. తర్వాత సగానికి విప్పి మనకిస్తారు. తడితడిగా, ఇంకొకడి చెమటతో. తొడుక్కుంటే ఒళ్ళు జలదరించేది. ఎవరి తరఫున ఆడుతున్నానో నాకే అర్థమయ్యేది కాదు. ఒకసారి మన వాడు నా మీదే గోల్ కొట్టి, ఎగిరి గంతేసి, తర్వాత ఏడ్చాడు."

"ఉతక్కుండానే వేసుకునేవాళ్ళా?" చిన్నకోడలు మొహం చిట్లించింది.

"ఉతికేవాళ్ళెక్కడమ్మా అక్కడ!" అనేసి బాబాయ్ ముందుకి సాగిపోయాడు.

పెద్దకోడలి చేతిలో గ్లాసు చల్లారిపోయింది.

అప్పుడు గేటు తలుపు కిర్రుమంది. గేటాయన బయటికొచ్చాడు. గొడుగు చేతిలోనే ఉంది, విప్పలేదు. వానలో తడుస్తూ రోడ్డు దాటాడు. వచ్చి, రెండో బల్ల చివర కూర్చుని, చెప్పులు విడిచి, "పిన్నీ, ఒక టీ," అన్నాడు. ఎవరి మొహమూ చూడలేదు.

పిన్ని గ్లాసు కడిగింది, మళ్ళీ కడిగింది. చిన్నకోడలు బన్ను నమలడం ఆపింది. బాబాయ్ నోరు తెరుచుకునే ఉంది, మాట మధ్యలో తెగింది. అడగకూడదు. అతను చెప్పాలి. అతను వేళ్ళతో బల్ల అంచు మీద తడి తుడుచుకుంటున్నాడు.

పెద్దకోడలు అతని మొహంలో వెతికింది. నిలబడితే ఈ మనిషి రోడ్డు అవతలి నుంచే చేతులూపుతాడు. మరి ఆట ఇంకా అవలేదేమో. టెన్షన్ తట్టుకోలేక మధ్యలో లేచి వచ్చాడేమో. ఆ మాటనే గట్టిగా పట్టుకుంది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా?" అన్నాడు బాబాయ్ హఠాత్తుగా. గొంతు ఒక మెట్టు పైకి లేచింది. గేటాయన వైపు వీపు తిప్పి, మోకాళ్ళు దగ్గరికి లాక్కుని, ఊపిరి తీసుకోకుండా మొదలెట్టాడు. "ఆరో డివిజన్! రిఫరీకి కళ్ళు లేవు. వాసన చూసి ఈల వేస్తాడు. భయపడ్డవాడి చెమట వాసన వేరుగా ఉంటుందట. ఎవడు భయపడితే వాడికి ఎర్రకార్డు. మనవాళ్ళు పదిమందీ ఒక్కొక్కడే బయటికి పోయారు. నేనొక్కణ్ణే మిగిలాను. పదకొండు మందితో ఒక్కణ్ణే ఆడాను, కీపర్నీ నేనే, ముందు ఆడేవాణ్ణీ నేనే. నేను కొట్టిన బంతికి నేనే తలకాయ అడ్డం పెట్టాను!"

"మరి గెలిచారా?" అంది చిన్నకోడలు. ఆ ప్రశ్న బాబాయ్‌ని అడుగుతూ, కళ్ళు గేటాయన వైపు పోనిచ్చింది.

"అక్కడ గెలుపేంటమ్మా! ఏడో డివిజన్ విను. అక్కడ చూడ్డానికి జనం వస్తారు, బోలెడు మంది. చప్పట్లు కొట్టరు, అరవరు. గోల్ వెనకాల వరసగా నిలబడి నన్నే చూస్తారు. ఎవరు వాళ్ళంతా అని చూద్దును కదా, పడిపోయి మళ్ళీ లేవని జట్ల వాళ్ళు. ఆటగాళ్ళు, టిక్కెట్లమ్మేవాళ్ళు, గడ్డి కోసేవాళ్ళు, ఊడ్చేవాళ్ళు. ఇంకా పాత యూనిఫారాలతోనే ఉన్నారు. ఒకావిడ చేతిలో తడి బట్టల బుట్ట. దించదు. నీళ్ళు కారుతూనే ఉన్నాయి. 'ఎక్కడ ఆరెయ్యాలి?' అని నన్నడిగింది."

"బాబాయ్, ఇక చాల్లే," అంది పెద్దకోడలు.

ఆయనకి వినబడలేదు, లేదా వినబడి కూడా ఆగలేకపోయాడు. గేటాయన టీ గ్లాసు సగానికి వచ్చింది.

"ఎనిమిది, తొమ్మిది దాటేశాను, అవి చెబితే మీకు నిద్ర పట్టదు. ఆ కిందది చెబుతా. అక్కడ పాయింట్ల పట్టికే లేదు. ఇక్కడ ఎంత అడుగునున్నా మన పేరు ఒక వరసలో ఉంటుంది కదా, అక్కడ అదీ లేదు. మనం ఎన్నోవాళ్ళమో ఎవరికీ తెలియదు. ఎందుకాడుతున్నామో తెలియదు. చీకటి. మంచు. ఎదుటి జట్టుకి మొహాలు లేవు. బంతి పట్టుకుంటే వెచ్చగా ఉంది, చేతుల్లో మెల్లగా ఊపిరి తీస్తోంది. ఇంక ఇదే అట్టడుగు, ఇంతకన్నా పడేదేం లేదు అనుకుని గోల్‌లో చతికిలబడ్డాను. అప్పుడేమైందో తెలుసా?"

గేటాయన గ్లాసు పైకెత్తి ఇంకో గుక్క తాగాడు.

"నా కింద నేలలోంచి చప్పుడు. టక్, టక్, టక్. కింద నుంచి ఎవరో తడుతున్నారు. పైకి రానీయమని."

వాన రేకుల మీద గట్టిగా కొట్టింది. చిన్నకోడలు తెలియకుండానే కాళ్ళు బల్ల మీదికి ముడుచుకుంది. అది కోత అని పెద్దకోడలికి తెలుసు. ఈ మనిషికి వాన చుక్క చెబితే తుఫాను చేస్తాడనీ తెలుసు. అయినా ఆ చప్పుడు ఆమెకి విన్నట్టే ఉంది. ఆఫీసు తలుపు దగ్గర నిలబడ్డ రోజు నుంచీ వింటూనే ఉంది.

"ఇంకో టీ, పిన్నీ," అన్నాడు గేటాయన.

అతను రెండో టీ తాగడం ఆ కొట్టులో ఎవరూ ఎన్నడూ చూడలేదు. పిన్ని అతన్నే చూస్తుంటే పాలు పొంగి స్టవ్వు మీద ఒలికాయి. బాబాయ్ మరీ గట్టిగా అందుకున్నాడు.

"భయపడ్డానా? నేనా! లేచాను. రెండు గోల్‌పోస్టులూ చెరకుగడల్లా పెరికాను. ఒకదాని మీద ఒకటి నిలబెట్టి నిచ్చెన కట్టాను. దాని పైదానికి ఎక్కి, అక్కడి పోస్టులు పెరికి, మళ్ళీ నిచ్చెన. మనవాళ్ళు పదిమంది, కోచ్, డాక్టరు, బస్సు, బస్సు డ్రైవరు, అందర్నీ భుజాన వేసుకున్నాను. పళ్ళతో జట్టు జెండా పట్టుకున్నాను. ఏడో దాంట్లో ఆ జనం నా కాళ్ళు పట్టుకున్నారు, వాళ్ళనీ లాగాను. నాలుగో దాని రిఫరీ ఈల వేశాడు, ఆ ఈల మింగేశాను, ఇప్పటికీ గట్టిగా ఊపిరి తీస్తే లోపల మోగుతుంది. అలా ఒక్కో డివిజనూ ఎక్కి ఎక్కి, ఈ గేటు దగ్గర, ఇదిగో ఇక్కడ, దించాను. ఈ జట్టు ఇవాళ పైన ఉందంటే ఈ భుజాలే! నేను బతికుండగా ఇది కిందికి పోదు. పోయినా నేను తెస్తాను!"

ఆయన రొప్పుతున్నాడు. కళ్ళలో నీళ్ళున్నాయి.

గేటాయన గ్లాసు కింద పెట్టాడు.

"అయితే నిచ్చెన చూసుకో బాబాయ్," అన్నాడు నెమ్మదిగా. "ఆఖర్న కార్నరు. మనవాడి తలకే తగిలి మన గోల్‌లోకే పోయింది. అయిపోయి చాలాసేపైంది. నువ్వు చెబుతుంటే ఆపబుద్ధి కాలేదు."

బాబాయ్ భుజాలు, ఇంతసేపూ పది డివిజన్లు మోసిన భుజాలు, చొక్కాలో ఎక్కడో దిగిపోయాయి. పిన్ని స్టవ్వు మంట తగ్గించింది. పెద్దకోడలికి వింతగా అనిపించింది. ఇన్నాళ్ళూ భయపడ్డ మాట వచ్చేసింది, కాని భయం పోలేదు. ఆ భయమే లేచి, చెప్పులేసుకుని, పక్కన కూర్చున్న మనిషి వైపు తిరిగింది.

చిన్నకోడలు కాళ్ళు కిందికి దించింది. బాబాయ్ మోకాలి మీద చెయ్యి వేసి, చిన్నపిల్ల దారి అడిగినంత నమ్మకంగా అడిగింది.

"బాబాయ్, ఆ ఐదో దాంట్లో ఉతికేవాళ్ళే లేరన్నావు. మనం పోయేది రెండో దాంట్లోకే కదా. అక్కడ బట్టల గదిలో ఎంతమంది ఉంటారు?"

బాబాయ్ చిటికెన వేలు ఒకసారి పైకి లేచి, మళ్ళీ ముడుచుకుంది.

"ఆయన్నడుగుతావేంటే?" అంది పిన్ని. కోపంగా కాదు, అలిసిపోయినట్టు. "ఆయనకేం తెలుసు? జట్టు పడిన వారానికే పెట్టె సర్దుకుని వేరే పై డివిజన్ జట్టు చూసుకున్నాడు. మనం మళ్ళీ పైకొచ్చాకే ఈ గేటులో మొహం చూపించాడు. కిందెలా ఉంటుందో ఈ మనిషి ఒక్క పూటైనా చూళ్ళేదు. ఉన్నది మీ అక్క. దాన్నడుగు."

బాబాయ్ కాదనలేదు. గోడ కోసం వెనక్కి చెయ్యి చాచాడు. అక్కడ గోడ లేదు, వాన ఉంది.

చిన్నకోడలు ఇటు తిరిగింది. "ఎంతమందక్కా?"

పెద్దకోడలు ఆ ఏడుని తల్చుకుంది. ఖాళీ గదిలో తను ఒక్కతే, రెండు మెషీన్లలో ఒకటి గుడ్డ కప్పి ఉంది. ఎవరితోనూ ఏమీ అనడానికి లేక నీళ్ళ చప్పుడు వింటూ గడిచిన పగళ్ళు. అబద్ధం ఒకటి నాలిక చివరిదాకా వచ్చింది. ఇవాళ ఈ బల్ల మీద అబద్ధాలు చాలా అయ్యాయి.

"ఒకళ్ళు," అంది.

చిన్నకోడలు ఆమెని చూసింది. తర్వాత పిన్నిని చూసింది, స్టవ్వుని, కడిగి బోర్లించిన గ్లాసుల్ని, పిన్ని మోకాళ్ళని. పిన్ని అటు తిరిగి, ఒలికిన పాలు తుడవసాగింది.

"నీకు ముందే తెలుసా అక్కా?"

పెద్దకోడలు చల్లారిన గ్లాసుని చేతుల్లో తిప్పింది.

చిన్నకోడలు టీలో నానిపోయిన బన్ను ముక్క తీసి పక్కన పెట్టింది, చీర చెంగుతో వేళ్ళు తుడుచుకుంది. తర్వాత బల్ల మీద కొంచెం అవతలికి జరిగింది. పెద్ద దూరమేం కాదు. మధ్యలో ఒక మనిషి కూర్చోవచ్చు.